తల్లి వృత్తి : గానం

ప్రవేశిక

పాట వినడం అందరికీ ఇష్టమే. పాడేవారి బతుకును గురించి తెలుసుకోవాలన్న కోరిక మాత్రం కొందరికే కలుగుతుంది. సంగీత సభలో పాడే విద్వాంసులను గౌరవిస్తాం. చలనచిత్రాలలో పాడేవారిని ఆరాధిస్తాం. నగరంలోని పబ్బులలో రాత్రివేళ పాడి కుటుంబాన్ని పోషించుకొనే గాయనీ గాయకులను ఏ దృష్టితో చూస్తున్నాం? ఈ ప్రశ్నను విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందులోని గాయని ఏ ఒక్క వ్యక్తికీ ప్రతిరూపం కాదు. ఈ వృత్తిలో ఉన్నవారి స్థితిగతులను ఒకచోట చేర్చి వ్యాసకర్త కల్పించిన పాత్ర. ఆమె కుటుంబం, ఆమె మాటలు కూడా కల్పితాలే. వ్యాసంలో పేర్కొన్న స్థలాలు, చట్టాలు, తీర్పులు, సంవత్సరాలు మాత్రం వాస్తవాలు.

పాఠ్యభాగం

అది జూన్ మాసం. గోపన్‌పల్లి పాత ఊరి సందులో రెండు గదుల అద్దె ఇల్లు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరబోతున్న ఒక బాలిక కళాశాల ప్రవేశ దరఖాస్తును ముందు పెట్టుకొని కూర్చుంది. పేరు, పుట్టిన తేది, పదవ తరగతి మార్కులు చకచకా నిండాయి. ‘తల్లి వృత్తి’ అన్న గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆగిపోయింది.

“అమ్మా, ఇక్కడ ఏం రాయాలె?”

రాత్రి పని ముగించుకొని వచ్చి, అప్పుడే నిద్ర లేచిన తల్లి వంటగదిలోనుండి బదులిచ్చింది. “ప్రైవేటు ఉద్యోగమని రాయి బిడ్డా.”

“ఏం ఉద్యోగమని అడిగితే?”

తల్లి సమాధానం చెప్పలేదు. పొయ్యిమీద పాలు పొంగాయి. ఆమె అటు తిరిగింది.

ఆమె వృత్తి దొంగతనం కాదు, మోసం కాదు. వారానికి నాలుగైదు రాత్రులు గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాలలోని పబ్బులలో పాటలు పాడుతుంది. ఆ సంపాదనతోనే ఇంటి అద్దె, పిల్లల చదువులు, ముసలితల్లి మందులు గడుస్తాయి. అయినా ఆ ఒక్క మాటను కాగితంమీద రాయడానికి తల్లీకూతుళ్ళు ఇద్దరూ వెనుకాడారు. ఆ వెనుకాటుకు కారణం వారిలో ఉన్నదా, మనలో ఉన్నదా అన్నది మనం ఆలోచించవలసిన విషయం.

గోపన్‌పల్లి రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని గ్రామం. ఒకప్పుడు బండరాళ్ళు, చెలకల నడుమ ఒదిగి ఉన్న పల్లె. 1974 లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రాంగణం దీనికి సమీపంలోనే ఉంది. మరొక వైపు నానక్‌రాంగూడ ఆర్థిక మండలంలోని అద్దాల భవనాలు. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత నగరం పడమటి దిక్కుగా పెరుగుతూ వచ్చింది. ఆ పెరుగుదల నేడు గోపన్‌పల్లిని చుట్టుముట్టింది. 2024 లో గోపన్‌పల్లి తండా కూడలిలో పైవంతెన కూడా ప్రారంభమైంది. ఆకాశాన్నంటే నివాస భవనాల నీడలో పాత ఊరి పెంకుటిళ్ళు, చిన్న చిన్న అద్దె గదులు ఇంకా మిగిలి ఉన్నాయి. భవనాలకు కావలి కాసేవారు, కార్లు నడిపేవారు, వంటలు చేసేవారు, పాటలు పాడేవారు ఈ గదులలోనే కాపురముంటారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగిన చోట వారాంతపు వినోదం కూడా పెరిగింది. పబ్బులలో కొన్ని రాత్రులు యంత్రసంగీతం మోగితే, కొన్ని రాత్రులు గాయకులు, గిటారు, కీబోర్డు, డ్రమ్ములు వాయించేవారు కలసిన చిన్న బృందాలు ప్రత్యక్షంగా పాడతాయి. ఒక రాత్రి హిందీ పాటలు, ఒక రాత్రి తెలుగు పాటలు, మరొక రాత్రి పాత పాటలు. మన గాయని అటువంటి ఒక బృందంలో సభ్యురాలు. ఆమె మొదట వినాయక చవితి పందిళ్ళలో పాడింది. తరువాత పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలలో పాడింది. పెళ్ళిళ్ళకు ముహూర్తాలుంటాయి. మూఢాలు వస్తే ఆ సంపాదన ఆగిపోతుంది. పబ్బుకు మూఢం లేదు. అందుకే ఈ పనిలోకి వచ్చింది.

ఆమె దినచర్య మన ఊహకు అందేదాని కంటే సామాన్యమైనది. రాత్రి ఇల్లు చేరి పడుకొనేసరికి ఒంటిగంట దాటుతుంది. ఉదయం ఆరున్నరకు లేచి, ఆరవ తరగతి చదివే కొడుకుకు భోజనం డబ్బా కట్టి బడి బస్సు ఎక్కిస్తుంది. ఇంటిపని ముగించి రెండు గంటలు నిద్రపోతుంది. మధ్యాహ్నం చరవాణిలో తంబూరా శ్రుతి పెట్టుకొని, పక్క వాటాలోని పసిబిడ్డ నిద్ర చెడకుండా గొంతు తగ్గించి సాధన చేస్తుంది. కొత్త పాట వచ్చినప్పుడల్లా దాని సాహిత్యాన్ని నోటు పుస్తకంలో రాసుకొని, రెండు రోజులలో కంఠస్థం చేస్తుంది. సాయంత్రం కొడుకు లెక్కలు దిద్ది, వంట చేసి, ఆరు గంటలకు బయలుదేరుతుంది. ఆమె వచ్చేవరకు పిల్లలకు అమ్మమ్మే తోడు.

జనం రాకముందే వేదిక దగ్గర శబ్దపరీక్ష జరుగుతుంది. ఏ వాద్యం ఎంత వినిపించాలి, గాయని గొంతు ఆమెకు తిరిగి ఎంత వినిపించాలి అన్నవి అప్పుడే సరిచూసుకొంటారు. ముప్పావు గంటో, గంటో సాగే ఒక్కొక్క విడతను వారు ‘సెట్టు’ అంటారు. రెండు సెట్ల నడుమ కొంత విరామం. ఆ విరామంలో ఆమె గోరువెచ్చని నీళ్ళు త్రాగి, ఇంటికి ఫోను చేసి, “తమ్ముడు పండుకున్నడా?” అని కూతురును అడుగుతుంది. మళ్ళీ వేదిక ఎక్కి ప్రేమగీతం పాడుతుంది. ఆ పాట వింటున్నవారికి ముందు జరిగిన ఆ చిన్న సంభాషణ తెలియదు.

గానం శారీరక శ్రమ కాదని మనలో చాలామంది భావిస్తారు. స్త్రీలు మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు రెండు వందల సార్లు కంపిస్తాయి. తారస్థాయిలో పాడినప్పుడు ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. చుట్టూ శబ్దం ఎక్కువైనకొద్దీ మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎత్యేన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911 లో ఈ విషయాన్ని వివరించాడు. అందువల్ల దానికి ‘లొంబార్డ్ ప్రభావం’ అని పేరు వచ్చింది. బల్లల దగ్గర మాటలు పెరుగుతాయి, వాద్యాల మోత పెరుగుతుంది, గాయని గొంతు కూడా పెరుగుతుంది. తన గొంతు తనకు స్పష్టంగా వినిపించకపోతే ఆమె మరింత బిగించి పాడుతుంది. ఈ విధంగా కొన్నేళ్ళు గడిస్తే స్వరతంత్రులమీద కాయలు ఏర్పడే ప్రమాదం ఉంది. శ్రవణేంద్రియానికీ ముప్పు ఉంది. వేడుకల స్థలాలలో పదిహేను నిమిషాల సగటు ధ్వని నూరు డెసిబెళ్ళను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లో సూచించింది. వినేవాడు వారానికి ఒక రాత్రి వింటాడు. పాడేవారు రాత్రి వెంట రాత్రి అక్కడే నిలబడతారు. కమ్మరికి కొలిమి, రైతుకు నాగలి ఎటువంటివో గాయనికి గొంతు అటువంటిది. ఒక భేదం మాత్రం ఉంది. నాగలి విరిగితే మరొకటి తెచ్చుకోవచ్చు.

తన పనిని గురించి ఆమెకు స్పష్టమైన అభిప్రాయాలున్నాయి. “త్రాగినవాళ్ళ ముందు పాడుతున్నావు, నీకు కష్టంగా లేదా?” అని బంధువులు అడిగితే, “పెళ్ళి పందిట్లో పాడినప్పుడు ఎవరు విన్నారు? అందరూ విస్తళ్ళ దగ్గరే ఉన్నారు. ఇక్కడ కనీసం పాట అయిపోయినాక చప్పట్లు కొడతారు” అంటుంది. అందరూ మర్యాదస్తులేనని ఆమె అనదు. మాట జారేవారున్నారు, వేదికమీదికి రాబోయేవారున్నారు. అటువంటప్పుడు బృందంలోని మగవారు అడ్డుపడతారు, యాజమాన్యం మంచిదైతే మనిషిని బయటికి పంపుతుంది. “నాకు కావలసింది జాలి కాదు. సమయానికి డబ్బు, ఇంటికి చేర్చే బండి, వేదికముందు ఒక గీత. ఆ గీత దాటి ఎవ్వరూ రాకూడదు” అన్నది ఆమె మాట. ఏ కార్మికుడైనా కోరేవి ఇవే కదా! వేతనం, రవాణా, భద్రత.

ఆమెకు నచ్చని మరొక విషయం, అనుమతి లేకుండా చరవాణులలో చిత్రీకరించడం. తన పాటను తాను ఒప్పుకోని చోట వినిపిస్తే, తన ముఖాన్ని తెలియనివారు పదిమందికి పంపిస్తే, అది తన బిడ్డ చదివే చోటికి ఏ వ్యాఖ్యతో చేరుతుందోనని ఆమె భయం. ప్రదర్శకులకు తమ ప్రదర్శనపై హక్కు ఉన్నదని మన చట్టం అంగీకరించింది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994 లో చేసిన సవరణ ఈ హక్కుకు చోటు కల్పించింది. 2012 సవరణ దానిని మరింత విస్తరింపజేసింది. ప్రత్యక్ష ప్రదర్శనను రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోవాలంటే ప్రదర్శకుల సమ్మతి అవసరం. చట్టం పుస్తకంలో ఉంది. ఆ సంగతి పాడేవారిలో చాలామందికి తెలియదు, చిత్రీకరించేవారికి అంతకన్నా తెలియదు.

రాత్రి శబ్దాన్ని గురించి ఆమె అభిప్రాయం వింటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళకు మించి శబ్దం ఉండరాదు. రాత్రి పది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు, మూసి ఉన్న ప్రదేశాలలో తప్ప, ధ్వనివర్ధకాలను వాడరాదు. 2022 సెప్టెంబరులో జూబ్లీహిల్స్ నివాసుల ఫిర్యాదుపై తెలంగాణ హైకోర్టు రాత్రి పది తరువాత పబ్బులలో సంగీతం వినిపించరాదని ఉత్తర్వు ఇచ్చింది. తరువాత ఆ ఉత్తర్వు పరిధిని ఆ ప్రాంతంలోని కొన్ని పబ్బులకు పరిమితం చేశారు. ఇటువంటి ఆంక్షలు గాయనికి నష్టం. మిద్దెమీద ఆరుబయట పాడే చోట పదింటికే పాట ఆగితే ఒక సెట్టు తగ్గుతుంది, ఆమేరకు ఆదాయం తగ్గుతుంది. అయినా ఆమె ఆ నియమాన్ని తప్పుపట్టదు. “నేను పాడేచోట పక్క ఇంట్లో కూడా ఒక పిల్ల పరీక్షకు చదువుతుంటది. నా పిల్ల చదువుకొనేటప్పుడు పక్కింట్లో టీవీ పెద్దగా పెడితే నేనే పోయి తగ్గించమంటా. నా పాట మరొకరి నిద్ర చెడగొట్టకూడదు. మమ్మల్ని ఇంకొంచెం ముందుగా పాడించుకోమనండి. ఏడింటికే మొదలుపెడతాం” అంటుంది. తన సంపాదనకు అడ్డువచ్చే నియమాన్ని కూడా న్యాయమైతే న్యాయమని ఒప్పుకోవడం అందరికీ సాధ్యం కాదు. పాడే గొంతు, వినే చెవి, రెండూ తనవే అయిన మనిషికి అది సాధ్యమైంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆమె ఉంటున్న సందులోనే మరొక వాటాలో ఒక యువతి ఉంది. అమెరికా వేళలకు అనుగుణంగా పనిచేసే సంస్థలో ఆమె ఉద్యోగి. ఆమె కూడా అర్ధరాత్రి దాటిన తరువాతే ఇల్లు చేరుతుంది. సంస్థ పంపిన కారు సందు మొదట్లో ఆగినప్పుడు ఇరుగుపొరుగువారు, “పాపం, ఎంత కష్టపడుతున్నదో!” అంటారు. అదే వేళకు గాయని దిగిన కారు ఆగినప్పుడు కిటికీ తెర కొంచెం తొలగుతుంది. గంట ఒక్కటే, సందు ఒక్కటే. కష్టం కూడా ఒక్కటే. మారింది చూసేవారి చూపు మాత్రమే. ఐటీ ఉద్యోగిని విషయంలో రవాణా, భద్రత యాజమాన్యం బాధ్యత అని అందరూ ఒప్పుకొన్నారు. గాయని విషయంలో ఆ బాధ్యత ఎవరిదో నిర్ణయం కాలేదు. ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్క ఒప్పందంతో పనిచేసేవారిని ఉద్యోగులుగా ఎవరూ లెక్కించరు. 2014 అక్టోబరులో తెలంగాణ పోలీసుశాఖ ‘షీ టీమ్స్’ను ఏర్పాటు చేసిన తరువాత ఆపదలో పిలవడానికి ఒక చోటు ఉన్నదన్న ధైర్యం ఏర్పడింది. పిలవవలసిన అవసరం రాని స్థితి ఇంకా రావలసి ఉంది.

ఈ చిన్నచూపు ఇప్పటిది కాదు. మన సాహిత్యాన్ని చదివితే దాని మూలాలు కనిపిస్తాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు వంటి ఎన్నో పాటలను పేర్కొన్నాడు. పాటల పేర్లు మనకు దక్కాయి. వాటిని పాడిన స్త్రీల పేర్లు దక్కలేదు. వినుకొండ వల్లభరాయుని పేరిట ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులలో వాద్యం వాయిస్తూ పాడే జక్కుల స్త్రీ కనిపిస్తుంది. ఆ కావ్యంలోని మిత్రులు ఆమె గానాన్ని విని ఆనందించి ముందుకు సాగిపోతారు. ఆ రాత్రి ఆమె ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్న ప్రశ్న ఆ కావ్యంలో లేదు. క్షేత్రయ్య పదాలను తరతరాలుగా కంఠంలో నిలిపి మనకు అందించినవారు దేవదాసీలు, రాజనర్తకులు. ఆ పదాలు సభ్యసమాజంలో మన్ననలు పొందాయి. వాటిని కాపాడిన స్త్రీలకు మాత్రం మన్నన దక్కలేదు.

ఈ అన్యాయాన్ని ఎదిరించి నిలిచిన వారిలో బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) ముఖ్యురాలు. ఆమె గానవృత్తి కుటుంబంలో పుట్టింది. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనాన్ని 1910 లో పరిష్కరించి ప్రకటించింది. నాటి ఆంగ్ల ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. ఆ నిషేధం తరువాతి కాలంలో తొలగింది. శిథిలావస్థలో ఉన్న త్యాగరాజస్వామి సమాధి సంగతి తెలుసుకొని, 1920 ల దశకంలో తిరువైయారులో తన సొంత ధనంతో ఆలయం కట్టించింది. ఆ చోట స్త్రీలు పాడడానికి వీలులేని రోజులవి. ఆలయం కట్టించిన గాయనికే అక్కడ పాడే అర్హత లేదన్నారు. ఆమె స్త్రీల బృందాన్ని కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించింది. చివరకు 1940 లో వేర్వేరు వర్గాలు ఏకమై ఆరాధనోత్సవం ఒక్కటిగా సాగింది. నేడు ఆ వేదికపై స్త్రీలు పాడుతున్నారంటే ఆ పట్టుదలే కారణం.

సమాజం కంటే చట్టం కొంత ముందుకు నడిచింది. మద్యం అందించే చోట స్త్రీలు పనిచేయరాదన్న పాత పంజాబు ఎక్సైజు చట్ట నియమం చెల్లదని 2007 లో అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రక్షణ పేరుతో స్త్రీని పనికి దూరం చేయడం సరికాదన్నది ఆ తీర్పు సారాంశం. మహారాష్ట్రలో ఆర్కెస్ట్రా బార్ల వేదికపై నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులు మాత్రమే ఉండాలన్న షరతు ఉండేది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. వేదికపై మొత్తం ఎనిమిదిమందికి మించరాదన్న పరిమితి ఉండవచ్చు కాని, వారిలో స్త్రీలెందరు, పురుషులెందరు అన్నది ప్రభుత్వం నిర్ణయించరాదని చెప్పింది. వేదికపై నిలబడే హక్కును న్యాయస్థానం గుర్తించింది. వేదిక దిగిన తరువాత దక్కవలసిన గౌరవాన్ని ఏ న్యాయస్థానమూ ఇప్పించలేదు. అది మనమే ఇవ్వాలి.

ఈ వృత్తిలో పేదరికం కన్నా పెద్ద కష్టం అనిశ్చితి. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు ప్రత్యక్ష గానం మొదట ఆగిపోయిన పనులలో ఒకటి. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణలో బార్లు తిరిగి తెరచుకొన్నాయి. సంగీత కార్యక్రమాలకు మాత్రం వెంటనే అనుమతి రాలేదు. మద్యం తిరిగి వచ్చింది, పాట రాలేదు. ఆ నెలలలో మన గాయని పిల్లలకు ఫోనులో సంగీతపాఠాలు చెప్పింది, పచ్చళ్ళు పట్టి అమ్మింది. అసంఘటిత కార్మికుల వివరాలను నమోదు చేయడానికి కేంద్రప్రభుత్వం 2021 ఆగస్టులో ‘ఇ–శ్రమ్’ను ప్రారంభించింది. కూతురు ఆమె వివరాలను నమోదు చేస్తూ వృత్తి ఏమిటని అడిగింది. ఆనాడు కూడా తల్లి వెంటనే చెప్పలేదు.

ఇంత కష్టపడే తల్లి పాటను ఆమె కూతురు వేదికమీద ఎన్నడూ వినలేదు. ఇరవయ్యొక్క సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మరాదని తెలంగాణలో నియమం ఉంది. పదహారేళ్ళ పిల్లను పబ్బు గడప దాటనివ్వరు. దాటనివ్వకపోవడమే మంచిదని తల్లి కూడా అంటుంది. కూతురుకు తెలిసిన పాట మధ్యాహ్నం గొంతు తగ్గించి పాడే పాట. అది పక్క గదిలో పసిబిడ్డ నిద్రలేవకుండా పాడే పాట. “నువ్వు నీ బిడ్డను కూడా ఈ పనిలో పెడతావా?” అని అడిగినవారికి ఆ తల్లి ఇచ్చే సమాధానం ఇది: “సంగీతం నేర్పిస్తా. పని మాత్రం అదే ఎంచుకుంటది. నా పని సిగ్గుపడేది కాదని తెలిసినాక ఎంచుకోకపోతే నాకు బాధ లేదు. సిగ్గుపడి ఎంచుకోకపోతే బాధ.”

ఆ జూన్ ఉదయాన పొంగిన పాలు తుడిచి తల్లి వంటగదిలోనుండి బయటికి వచ్చింది. కూతురు ఇంకా కలం పట్టుకొనే కూర్చుంది. తల్లి ఆ పక్కనే కూర్చొని కొంతసేపు ఆ ఖాళీ గడినే చూసింది.

“నేనేం చేస్తనో అదే రాయి” అంది.

కూతురు ‘గాయని’ అని రాసింది.

మరునాడు కళాశాల కార్యాలయంలో గుమాస్తా దరఖాస్తును పైనుండి కిందికి పరిశీలించి, ఆ గడి దగ్గర ఆగి తల ఎత్తాడు.

“గాయనా? మీ అమ్మ సినిమాలల్ల పాడుతదా?”

“లేదు సార్. గచ్చిబౌలిల పాడుతది” అంది ఆ బాలిక.

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. దరఖాస్తుమీద ముద్ర వేసి, “తరువాత” అని వరుసలోని మరొకరిని పిలిచాడు.

కఠిన పదాలకు అర్థాలు

ప్రతిరూపం = ప్రతిబింబం, నమూనా
వెనుకాడు = సంకోచించు
చెలక = మెట్టపొలం
మూఢం = శుభకార్యాలు చేయని కాలం
చరవాణి = సెల్‌ఫోను
స్వరతంత్రులు = గొంతులో ధ్వనిని పుట్టించే కండర పొరలు
తారస్థాయి = స్వరాలలో పై స్థాయి
శ్రవణేంద్రియం = చెవి
ఆంక్ష = నిర్బంధం, అడ్డు
మన్నన = గౌరవం
పరిష్కరించు = (గ్రంథాన్ని) తప్పులు లేకుండా సరిదిద్దు
అనిశ్చితి = నిలకడ లేని స్థితి
అసంఘటిత = సంఘంగా ఏర్పడని

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.

1. గానం శారీరక శ్రమ అని వ్యాసకర్త ఏ విధంగా నిరూపించాడు?
2. రాత్రి ఉద్యోగం చేసే యువతిని, గాయనిని సమాజం చూసే తీరులోని భేదాన్ని వివరించి, మీ అభిప్రాయం తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.

1. రాత్రి శబ్దంపై ఆంక్షలను గాయని ఎందుకు సమర్థించింది?
2. బెంగుళూరు నాగరత్నమ్మ చేసిన కృషిని తెలపండి.
3. ప్రదర్శకుల హక్కును గురించి రాయండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. “మద్యం తిరిగి వచ్చింది, పాట రాలేదు.”
2. “సిగ్గుపడి ఎంచుకోకపోతే బాధ.”

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. సైబర్ టవర్స్ ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
2. పండితారాధ్య చరిత్రను రచించిన కవి ఎవరు?
3. రాధికాసాంత్వనం ఎవరి రచన?
4. నివాస ప్రాంతాలలో రాత్రివేళ శబ్ద పరిమితి ఎంత?

V. సంధులు

శ్రవణేంద్రియం = శ్రవణ + ఇంద్రియం – గుణసంధి
శిథిలావస్థ = శిథిల + అవస్థ – సవర్ణదీర్ఘ సంధి
ఆరాధనోత్సవం = ఆరాధన + ఉత్సవం – గుణసంధి

VI. సమాసాలు

తల్లీకూతుళ్ళు = తల్లియును, కూతురును – ద్వంద్వ సమాసం
శబ్దపరీక్ష = శబ్దము యొక్క పరీక్ష – షష్ఠీ తత్పురుష సమాసం
ముసలితల్లి = ముసలిదైన తల్లి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VII. ప్రాజెక్టు పని

మీ ప్రాంతంలో రాత్రివేళ పనిచేసే ఒకరిని కలుసుకొని, వారి అనుమతితో, వారి దినచర్యను, తమ పనిని గురించి వారికి ఉన్న అభిప్రాయాలను రెండు పుటలలో రాయండి. వారి పేరు రాయవద్దు.